సెయింట్ మార్టిన్‌లో బట్టలు తప్పనిసరి కాని బీచ్‌కి ఇద్దరం వెళ్ళొచ్చాం. మీ అనుభవాలు కూడా చెప్పండి

నల్లపూసలు (డాలస్):

రాయాలా వద్దా అని రెండు వారాలు ఆలోచించి ఈరోజు కూర్చున్నాను. వెళ్ళేముందు తెలుగులో ఎవరైనా దీని గురించి రాశారేమోనని తెగ వెతికాను. ఇంగ్లీషులో బోలెడు ఉన్నాయి. మనవాళ్ళు రాసింది ఒక్క ముక్క దొరకలేదు. నా భయాలేమో ఆ ఇంగ్లీషు రాతల్లో లేవు. మెడలో ఉన్నది తీయాలా, అక్కడ మనవాళ్ళెవరైనా తగిలితే ఏంటి, పిల్లలు పుట్టాక మారిన ఒంటితో నలుగురిలో ఎలా నిలబడాలి, ఇవీ నా ప్రశ్నలు.

మా పెళ్ళయి 12 ఏళ్ళు. ఇద్దరు పిల్లలు, రెండూ ఆపరేషన్ కాన్పులే. అత్తగారు మా దగ్గరే ఉన్నారు కాబట్టి పిల్లల్ని ఆవిడకి అప్పజెప్పి 5 రోజులు వెళ్ళాం. కరీబియన్ సముద్రంలోని ఆ దీవి 90 చదరపు కిలోమీటర్లు కూడా ఉండదు, అయినా 1648 ఒప్పందం నుంచి ఇద్దరిది. దక్షిణాన డచ్ వాళ్ళు, ఉత్తరాన ఫ్రెంచ్ వాళ్ళు. మేం విమానం దిగింది డచ్ వైపు, ఓరియంట్ బే బీచ్ ఉన్నది ఫ్రెంచ్ వైపు. మధ్యలో చెక్‌పోస్ట్ ఏమీ ఉండదు, కారు అలా సాగిపోతుంది. కానీ వీసా నియమాలు రెండు వైపులా వేరు. మన పాస్‌పోర్ట్ మీద వెళ్ళేవాళ్ళు టికెట్ కొనకముందే రెండూ చూసుకోండి.

ఆలోచన మావారిది. నేను మూడు నెలలు వద్దన్నాను. ఆయన ఒకసారి అడిగి ఊరుకున్నారు, మళ్ళీ ఎత్తలేదు. ఊరుకున్నారు కాబట్టే నాకు ఆలోచించుకోవడానికి చోటు దొరికింది. చివరికి నేనే ఒక షరతు పెట్టాను: ఇద్దరిలో ఎవరు "పద" అన్నా ఇద్దరం లేచి వచ్చేయాలి. ఎందుకు అని అడగకూడదు, తర్వాత కారులో కూడా దాని గురించి గుచ్చి మాట్లాడకూడదు.

ఆ బీచ్ పొడవుగా ఉంటుంది. ఉత్తరం నుంచి నడుస్తుంటే హోటళ్ళు, అద్దె కుర్చీలు, పిల్లలతో వచ్చిన కుటుంబాలు, అంతా మామూలే. దక్షిణపు కొసకి వెళ్ళేకొద్దీ జనం పలచబడతారు, అక్కడినుంచి బట్టలు లేనివాళ్ళు కనిపిస్తారు. గోడ లేదు, గేటు లేదు. ఆ కొసలో ఒకప్పుడు క్లబ్ ఓరియంట్ అని నేచురిస్టుల (బట్టల్లేకుండా గడిపేవాళ్ళ) రిసార్ట్ ఉండేది. 2017 సెప్టెంబరులో వచ్చిన ఇర్మా తుఫాను దాన్ని తుడిచిపెట్టేసింది. రిసార్ట్ పోయినా ఆ అలవాటు మాత్రం ఆ ఇసుకలో అలాగే ఉంది.

నేను తువ్వాలు చుట్టుకుని, ముడి చేత్తో పట్టుకుని 40 నిమిషాలు కూర్చున్నాను. మావారు కూడా షార్ట్స్‌తోనే కూర్చున్నారు, నాకంటే ముందు తీయనన్నారు. మాకు పది అడుగుల దూరంలో ఒక ముసలి జంట. ఆయన పేపర్లో గళ్ళనుడికట్టు పూరిస్తున్నాడు. ఆవిడ మధ్యమధ్యలో పెన్సిల్ లాక్కుని తప్పు దిద్దుతోంది. కాసేపయ్యాక ఆవిడ ఆయన వీపుకి సన్‌స్క్రీన్ రాసింది. మా అమ్మమ్మ తాతయ్యకి నడుం పట్టేసినప్పుడు నూనె రాసేది, అచ్చం అలాగే అరచేయి బోర్లించి, గట్టిగా. ఇద్దరి ఒంటి మీదా నూలుపోగు లేదు. ఆ సంగతి నాకు పది నిమిషాల తర్వాత గుర్తొచ్చింది.

ఇంకొక ఆవిడ మా ముందునుంచే నీళ్ళలోకి వెళ్ళింది. 50 దాటి ఉంటాయి. ఒక వైపు రొమ్ము లేదు, అడ్డంగా గీత ఉంది. ఎవరూ తలెత్తి చూడలేదు. నేను పొత్తికడుపు మీద చెయ్యి పెట్టుకుని ఉన్నానని అప్పుడు చూసుకున్నాను. పన్నెండేళ్ళ కాపురంలో లైటు వేసి ఉంటే ఆ కుట్ల గీత మావారికి కూడా కనపడనిచ్చేదాన్ని కాదు. తువ్వాలు ముడి విప్పి ఆయన చేతికిచ్చి నీళ్ళలోకి నడిచాను.

ఈత దుస్తుల్లేకుండా సముద్రంలో దిగడం ఎలా ఉంటుందో చెప్పాలంటే, నాకు చిన్నప్పుడు మా ఊరి కాలువే గుర్తొచ్చింది. తడి గుడ్డ ఒంటికి అంటుకోదు, ఇసుక చేరదు. నీళ్ళు నీళ్ళలాగే తగులుతాయి.

అంతా బాగుందని అనను. మొదటిరోజు మధ్యాహ్నం ఒక గుంపు వచ్చింది. మాటల్ని బట్టి క్రూజ్ షిప్ నుంచి దిగినవాళ్ళనిపించింది. అందులో ఒకడు ఫోన్ ఎత్తి పట్టుకుని నడుస్తున్నాడు. నా ఒళ్ళు చల్లబడిపోయింది. ఆ గళ్ళనుడికట్టు పెద్దాయనే లేచి వెళ్ళి ఫోన్ దించమని గట్టిగా చెప్పాడు. వాడు దించాడు, కానీ అప్పటికే తీశాడో లేదో తెలియదు. నేను "పద" అన్నాను. మావారు మారుమాట లేకుండా బ్యాగ్ సర్దారు. కారులో పాటలు పెట్టారు, అంతే. ఆ రోజు ఆయన "పర్లేదులే, ఇంకాసేపు ఉందాం" అని ఉంటే రెండోరోజు నేను వెళ్ళేదాన్నే కాదు. వెళ్ళాను. మూడోరోజు కూడా వెళ్ళాను.

మనవాళ్ళ సంగతి. డచ్ వైపు ఫిలిప్స్‌బర్గ్ ఫ్రంట్ స్ట్రీట్‌లో నగల దుకాణాలు చాలావరకు భారతీయులవే, హిందీ బాగా వినిపిస్తుంది. బీచ్‌లో రెండోరోజు ఒక భారతీయ జంట కనిపించారు. నలుగురం ఒకేసారి చూపు తిప్పుకున్నాం. సాయంత్రం గ్రాండ్ కేస్‌లో లోలో అని పిలిచే బొగ్గుల మీద కాల్చే తిండి కొట్లు ఉంటాయి, అక్కడ పక్క బల్ల మీద వాళ్ళే. చేప బాగుందా, రొయ్యలు బాగున్నాయా అని అడిగారు. రొయ్యలు తీసుకోమన్నాం. బీచ్ మాట ఎవరూ ఎత్తలేదు. చాలా మర్యాదస్తులు.

మీరెవరైనా ఇలాంటి చోటికి వెళ్ళారా?

గోదారిగట్టు:

అమ్మా, నాకు 61 ఏళ్ళు. మా అబ్బాయి దగ్గరికి అమెరికా వచ్చినప్పుడు ఇలాంటివి చదువుతుంటాను. నేను అక్కడికి వెళ్ళను, వెళ్ళాలనీ లేదు. కానీ నీ ఉత్తరంలో ఆ పెద్దావిడ సన్‌స్క్రీన్ రాయడం చదివి రాయాలనిపించింది.

రాజమండ్రిలో పుష్కరాల రేవుల్లో పెరిగినదాన్ని. లంగా ఛాతీ మీదికి కట్టుకుని మునగడం, ఒడ్డుకొచ్చి తడి గుడ్డ పైన పొడి చీర చుట్టుకుని, లోపల తడిది జారవిడవడం, ఇదంతా వేలమంది మధ్యలోనే. పక్కనున్న మగవాళ్ళు వీపు తిప్పి నిలబడేవారు. ఎవరూ చెప్పక్కర్లేదు. ఈమధ్య పుష్కరాల్లో నా పక్కన ఒక కుర్రాడు ఫోన్‌తో వీడియో తీస్తుంటే ఒళ్ళు మండింది. ఒంటి నిండా బట్ట ఉండి కూడా నాకు సిగ్గేసింది. నీకు బట్టల్లేకుండా వేయలేదంటున్నావు. చూపుకి మర్యాద ఉందా లేదా అన్నదే నాకు పెద్ద సంగతిగా కనిపిస్తోంది.

హన్మకొండ_రవి:

అక్కా, మొత్తం చదివాను. నాకు నచ్చలేదు, ఆ మాట సూటిగానే చెప్తున్నా. మన పద్ధతి కాదు ఇది. పిల్లలకు రేపు తెలిస్తే ఏం చెప్తారు?

నల్లపూసలు (డాలస్):

రవీ, సూటిగా అడిగావు, సూటిగానే చెప్తాను. నచ్చకపోతే వెళ్ళక్కర్లేదు తమ్ముడూ, నేను కూడా మూడు నెలలు నీ మాటే అన్నాను. మా పాపకి 9 ఏళ్ళు. ఇప్పటికే అద్దం ముందు పొట్ట లోపలికి పీల్చి నిలబడుతోంది. నేను చేసేది చూసే నేర్చుకుంది. రేపు తెలిస్తే, అమ్మ ఒకరోజు ఆ పని మానేసింది అని చెప్తాను.

అక్క_దారి:

రవి గారూ, పద్ధతి అన్నారు కాబట్టి ఒక్క మాట. 12వ శతాబ్దంలో కన్నడ శివభక్తురాలు అక్క మహాదేవి కట్టుబట్టలు వదిలేసి, జుట్టే కప్పుకుని మన శ్రీశైలానికే వచ్చింది. కర్ణాటకలోని శ్రవణబెళగొళలో జైనుల గోమటేశ్వరుడు వెయ్యేళ్ళుగా దిగంబరంగా నిలబడి ఉన్నాడు, కుటుంబాలతో వెళ్ళి దణ్ణం పెడతాం. అది భక్తి, వైరాగ్యం. ఇది సెలవుల్లో సరదా, రెండూ ఒకటి అనడం లేదు. ఒళ్ళు కనిపిస్తే చాలు తప్పు అన్నది మాత్రం మన పద్ధతిలో ఎప్పుడూ అంత సులువుగా లేదు.

మయామీ_తీరం:

మేం ఫ్లోరిడాలో 15 ఏళ్ళుగా ఉంటున్నాం. కరీబియన్ దాకా వెళ్ళలేని వాళ్ళకి మయామీలో హాలోవర్ బీచ్ ఉంది. ఉత్తరపు కొస భాగాన్ని 1991 నుంచి బట్టలు తప్పనిసరి కాని బీచ్‌గా నడుపుతున్నారు. కౌంటీ పార్కు అది, లైఫ్‌గార్డులు ఉంటారు. కారు రోడ్డుకి పడమటి వైపు పెట్టి, రోడ్డు కిందుగా ఉన్న సొరంగ దారిలో బీచ్‌కి నడవాలి. ఇక్కడినుంచి ముందుకెళ్తే బట్టల్లేనివాళ్ళు కనిపించవచ్చు అని బోర్డు ఉంటుంది. ఆ బోర్డు దాటాకే తీయాలి, తిరిగొచ్చేటప్పుడు బోర్డు చేరకముందే వేసుకోవాలి.

మా ఆవిడ మొదటి రెండుసార్లు చీరాల నుంచి తెచ్చుకున్న కాటన్ చీరతోనే వచ్చి గొడుగు కింద పుస్తకం చదువుకుంది. ఎవరూ ఏమీ అనలేదు. ఇష్టం ఉంటే తీయొచ్చు, లేకపోతే లేదు. పూర్తిగా బట్టలతో కూర్చుని జనాన్ని గుచ్చి చూసేవాళ్ళంటేనే అక్కడివాళ్ళకి చిరాకు. పుస్తకం చదువుకునే మనిషంటే ఎవరికీ ఇబ్బంది లేదు.

ఒక విషయం గట్టిగా చెప్పాలి. వీసా మీద ఉన్నవాళ్ళు, గ్రీన్‌కార్డ్ కోసం చూస్తున్నవాళ్ళు చట్టం అనుమతించిన చోటే వెళ్ళండి. "అందరూ వెళ్తారు" అన్నది చట్టం కాదు. హవాయిలో మావీ దీవి మీద లిటిల్ బీచ్ ఎంతో పేరున్నది, దశాబ్దాలుగా జనం బట్టల్లేకుండా తిరుగుతారు. కానీ అది రాష్ట్ర పార్కు, అక్కడి నియమాల ప్రకారం అది నిషేధం. ఫైన్ కట్టి పోతుందిలే అనుకునే స్థితి మనలో చాలామందికి ఉండదు.

ఇంకొకటి, బట్టలు లేకపోవడం వేరు, సరసాలు వేరు. భార్యాభర్తలైనా సరే. హాలోవర్‌లో ఇలాంటివి చూస్తే పక్కవాళ్ళే లైఫ్‌గార్డుకి చెప్తారు, పోలీసులు వస్తారు.

కొత్తజంట_బెజవాడ:

మాకు జనవరిలో పెళ్ళయింది. థాయ్‌లాండ్ గానీ, మాల్దీవులు గానీ అనుకుంటున్నాం. అక్కడ ఉంటాయా ఇలాంటివి? లేకపోతే గోవాలో?

మయామీ_తీరం:

తమ్ముడూ, మూడూ వద్దు. థాయ్‌లాండ్‌లో బీచ్ మీద నగ్నంగా ఉండటం నేరం, విదేశీయుల్ని పట్టుకున్న వార్తలు వస్తూనే ఉంటాయి. మాల్దీవుల్లో రిసార్టుల్లో కూడా కుదరదు, ఆడవాళ్ళు పైభాగం తీయడం కూడా నిషేధమే. స్థానికులుండే దీవుల్లోనైతే బికినీకి కూడా వేరే బీచ్ కేటాయిస్తారు. బాలి, శ్రీలంకల్లో కూడా బీచ్ మీద నగ్నంగా ఉండకూడదు.

గోవా గురించి ఎవరో 1970ల నాటి అంజునా బీచ్ హిప్పీల కథలు చెప్తే నమ్మకండి. 2020 నవంబరులో మోడల్, నటుడు మిలింద్ సోమన్ తన 55వ పుట్టినరోజుకి గోవా బీచ్‌లో నగ్నంగా పరుగెత్తిన ఫోటో పెడితే కేసు పెట్టారు. అప్పట్లో అది భారత శిక్షాస్మృతిలో 294 సెక్షన్, ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 296. మూడు నెలల దాకా జైలు పడొచ్చు. హనీమూన్‌లో పోలీస్ స్టేషన్ టెన్షన్ ఎందుకు, హాయిగా ఈత దుస్తుల్లో వెళ్ళిరండి.

పేరు_చెప్పను:

నేను రాసేది వేరు. చదివి నిర్ణయం తీసుకోండి.

మా ఆయన ఇలాంటి బీచ్‌కి తీసుకెళ్తున్నానని నాకు ముందు చెప్పలేదు. కారు దిగి, ఇసుకలో నడిచి, అక్కడికి వెళ్ళాక "సర్‌ప్రైజ్" అన్నారు. నాకు చెమటలు పట్టాయి. వెళ్ళిపోదాం అంటే, "ఇంత దూరం వచ్చి పల్లెటూరి దానిలా చేయకు" అన్నారు. ఆయన తీసేశారు. నేను చుడీదార్‌తో రెండు గంటలు ఎండలో కూర్చున్నాను. పక్కన ఒక అమ్మాయి మంచినీళ్ళ సీసా ఇచ్చి, ఏమీ అడక్కుండా కాసేపు నా పక్కనే కూర్చుంది. ఆ రోజు నన్ను చూసుకున్నది ఆమె.

ఇప్పటికి నాలుగేళ్ళు. ఆ బీచ్ మీద నాకు కోపం లేదు. ఆ "పల్లెటూరి దానిలా" అన్న మాట మాత్రం ఇంకా పోలేదు. నల్లపూసలు గారూ, మీరు పెట్టిన షరతు చదివి ఏడ్చాను. అంత చిన్న మాట ఆ రోజు మా మధ్య ఉంటే బాగుండేది.

నల్లపూసలు (డాలస్):

మీరు రాసినందుకు చాలా థాంక్సండీ. మగవాళ్ళెవరైనా ఇది చదువుతుంటే, నా పోస్టు కంటే ముందు ఈవిడది చదవండి. ముందు చెప్పకుండా తీసుకెళ్ళడం సర్‌ప్రైజ్ కాదు, మోసం. మీరు వీలైతే ఈ థ్రెడ్ మీ ఆయనకి చూపించండి. చూపించకపోయినా పర్వాలేదు. పల్లెటూరిదానిలా అన్న మాటకి సిగ్గుపడాల్సింది మీరు కాదు.

మ్యూనిక్_మాస్టర్స్:

నేను జర్మనీలో చదువుతున్నాను. ఉష్ణమండలం కాదు కానీ సంగతి దగ్గరిదే. ఇక్కడ దీన్ని ఎఫ్‌కేకే అంటారు, స్వేచ్ఛా దేహ సంస్కృతి అని అర్థం, వందేళ్ళకి పైబడిన అలవాటు. మ్యూనిక్ నడిబొడ్డున ఎంగ్లిషర్ గార్టెన్ పార్కులోనే దానికి కేటాయించిన గడ్డి మైదానం ఉంది. ఆఫీసువాళ్ళు మధ్యాహ్నం లంచ్ టైంలో వచ్చి ఎండలో పడుకుని, మళ్ళీ బట్టలేసుకుని పనికి పోతారు.

నాకు మొదటి అనుభవం సౌనాలో, అంటే చెమట పట్టించే వేడి గదిలో. ఇక్కడ చాలా సౌనాల్లో ఈత దుస్తులు వేసుకోనివ్వరు, అదే నియమం. కానీ కింద తువ్వాలు పరవకుండా కూర్చుంటే మాత్రం ఊరుకోరు, చెమట చెక్కకి తగలకూడదు. బీచ్‌లలోనూ ఇదే మర్యాద. కుర్చీ ఎవరిదైనా సరే, ముందు మీ తువ్వాలు పరిచి కూర్చోండి. సంచిలో ఇద్దరికీ రెండేసి తువ్వాళ్ళు పెట్టుకోండి, ఒకటి తడుస్తుంది.

హైదరాబాద్‌లో హాస్టల్లో స్నేహితురాళ్ళ ముందు చున్నీ లేకుండా నిలబడలేని నేను రెండో నెలకే అలవాటుపడ్డాను. అయితే మా క్లాసువాళ్ళతో కలిసి మాత్రం ఇప్పటికీ వెళ్ళను. తెలియనివాళ్ళ మధ్య సులువు, తెలిసినవాళ్ళ మధ్య కష్టం. ఇది నా ఒక్కదాని సంగతేనా?

సముద్రపు_ఉప్పు:

కాదు, మాకూ అంతే. నల్లపూసలు అక్క ఆ భారతీయ జంటని చూసి తలతిప్పుకోవడం అందుకే.

ఎవరూ చెప్పని ముఖ్యమైన సంగతి ఎండ. మన చాయకి కమలదు అనుకుని నేను మెక్సికోలో జిపోలీటే బీచ్‌లో మధ్యాహ్నం 12 నుంచి 2 దాకా పడుకున్నాను. చేతులు, మొహం ఎండ చూసినవి, వాటికేం కాలేదు. పిరుదులు, నడుం కింద భాగం పుట్టినప్పట్నుంచి ఎండ చూడనివి, అవి కమిలిపోయాయి. మూడురోజులు బోర్లా పడుకున్నాను, తిరుగు విమానంలో కూర్చోవడం నరకం. ఎస్‌పీఎఫ్ 30కి తగ్గని సన్‌స్క్రీన్ ఒళ్ళంతా, రెండు గంటలకోసారి, నీళ్ళలోంచి వచ్చిన ప్రతిసారీ రాయాలి. 11 నుంచి 3 దాకా గొడుగు కిందే ఉండండి. హవాయి వెళ్ళేవాళ్ళు ఆక్సీబెంజోన్, ఆక్టినాక్సేట్ అనే రసాయనాలు లేనిది కొనుక్కోండి, పగడపు దిబ్బల కోసం 2021 నుంచి అక్కడ వాటి అమ్మకం నిషేధం.

జిపోలీటే గురించి ఇంకోమాట, అక్కడ ఒడ్డునుంచి లోపలికి లాగే ప్రవాహాలు చాలా ప్రమాదం. ఎర్రజెండా ఉంటే మోకాలు లోతు కూడా దిగొద్దు. బట్టలు తీసిన సంబరంలో జెండా చూడనివాళ్ళని చూశాను.

హన్మకొండ_రవి:

అక్కా, నిన్న రాసినదాని మీద మళ్ళీ వచ్చాను. నేను ఇప్పటికీ వెళ్ళను. కానీ ఆ పేరు చెప్పని అక్క రాసింది చదివి నా భార్యని అడిగాను, నేను ఎప్పుడైనా నీకిష్టం లేని చోటికి అట్లా తీసుకెళ్ళానా అని. రెండు చెప్పింది. ఒకటి మా దోస్తు ఫామ్‌హౌస్ పార్టీ. ఇంకొకటి గుడి. నాకు ఆ రెండూ గుర్తే లేవు.

గోదారిగట్టు:

అడిగావు చూడు నాయనా, మంచి పని చేశావు.

కొత్తజంట_బెజవాడ:

నల్లపూసలు గారూ, ఇది మా ఆవిడ అడగమంటోంది. మెడలోవి తీశారా చివరికి? మీ పేరు చూసి అడుగుతోంది.

నల్లపూసలు (డాలస్):

తీయలేదమ్మా. అన్నీ తీశాను, గాజులతో సహా. నల్లపూసల మీద చెయ్యి పడగానే ఆగిపోయింది. మావారు తీయమనీ అనలేదు, ఉంచమనీ అనలేదు. మూడురోజులూ ఉప్పునీళ్ళలో అవే. ఆ ముసలావిడ మూడోరోజు మా గొడుగు దగ్గరికొచ్చి వేలితో చూపించి ఏంటని అడిగింది. ఆవిడకి వచ్చిన ఇంగ్లీషులో, నాకు రాని ఫ్రెంచ్‌లో, పెళ్ళి అని ఎలాగో చెప్పాను. తన ఉంగరం చూపించి, వాళ్ళాయన వైపు తల ఊపింది.

ఇంటికొచ్చాక స్నానానికి వెళ్ళి అద్దంలో చూసుకుంటే, ఒళ్ళంతా ఒకే రంగుకి తిరిగింది, ఎక్కడా ఈత దుస్తుల గీత లేదు. మెడ చుట్టూ మాత్రం సన్నగా, పూస పూసకీ చుక్క పెట్టినట్టు తెల్లటి వరస. మధ్యలో లాకెట్ ఉన్నచోట చిన్న గుండ్రం. మా పాప చూసి "అమ్మా, ఇదేంటి?" అని వేలితో ఒక్కొక్క చుక్కా లెక్కపెట్టింది. పైట సర్దుకోకుండా, పూర్తిగా లెక్కపెట్టనిచ్చాను.